ఎడమచేతి దేవదూత

ఏడు కుటుంబాల మంచి శుక్రవారాన్ని ఒక్క ఆదివారం మధ్యాహ్నం, అదీ పావుగంటలో, నిలువునా ముంచిన ఘనత నాది. ఇందులో సాతాను ప్రమేయం ఏమీ లేదు. పూర్తిగా సొంత ప్రతిభ. ఎలా ముంచానో చెప్తాను, మీరు మొహమాటపడకుండా నవ్వండి. మా ఇంట్లోవాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళకేమీ కాలేదు.

అది 1990. నాకు ఇరవై అయిదేళ్ళు. తెనాలి నుంచి మెల్‌బోర్న్ వచ్చి ఏడాదిన్నర అయింది. యూనివర్సిటీలో మట్టి మీద మాస్టర్సు చేసేవాణ్ణి. అంటే మీరు ఇల్లు కట్టబోయే చోట నేల గట్టిదా మెత్తదా అని తేల్చే చదువు. నా కాళ్ళ కింద నేల సంగతి మాత్రం నాకెప్పుడూ తెలిసేది కాదు.

ఇప్పుడంటే ఊరి శివారున క్రెయిగీబర్న్ వైపు వెళ్తే కొట్లో కరివేపాకు ఏరుతూ నలుగురు తెలుగువాళ్ళు తగులుతారు. ఆ రోజుల్లో ఒక్క తెలుగు మాట చెవినపడితే పండగే. సుగుణ ఆంటీ నాకు అలాగే దొరికింది. ట్రామ్‌లో కూతుర్ని "కాళ్ళు దింపవే, సీటు మాసిపోద్ది" అని కసురుతుంటే విన్నాను. నా స్టాపు దాటిపోయినా దిగకుండా, ఆవిడ వెంట ఇంటిదాకా వెళ్ళి చేపల పులుసుతో రెండుసార్లు అన్నం తిని వచ్చాను. ఆవిడది నరసాపురం. ఆస్పత్రిలో నర్సు. నాకు ఆ ఊళ్ళో తల్లి తర్వాత తల్లి.

ప్రతి ఆదివారం ఆంటీ ఫ్లాట్‌లో మా తెలుగు ప్రార్థన. మొత్తం ఏడు కుటుంబాలు. బాప్టిస్టులు, లూథరన్లు, ఆర్.సి.ఎం. వాళ్ళు, పెంతెకొస్తు వాళ్ళు. మన దగ్గరుంటే ఒకరి గుడి మెట్లు ఒకరు ఎక్కరు. ఇక్కడ అందరం ఒకే సోఫా మీద సర్దుకునేవాళ్ళం. డోలక్, తాళాలు, ఆపైన ఇరవై ఆరు గొంతులు. పక్క ఫ్లాట్‌వాళ్ళు మూడుసార్లు కంప్లెయింట్ ఇచ్చారు. నాలుగోసారి ఇస్తే ఇల్లు ఖాళీ చేయాల్సి ఉంటుందని ఏజెంట్ ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం మార్చి మొదట్లో వచ్చింది. ముందున్నది మంచి శుక్రవారం. యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు, మూడు గంటల ఆరాధన. మాటకొక కుటుంబం చొప్పున పంచేసుకుని, ఎవరి ప్రసంగం వాళ్ళు రాసుకుంటున్నారు. చోటు మాత్రం లేదు.

"వారమంతా ఇంగ్లీషులో బీపీలు చూసి, ఇంగ్లీషులో సారీలు చెప్పి చస్తన్నాన్రా," అంది ఆంటీ ఆ ఉత్తరం మడతపెడుతూ. "మంచి శుక్రవారం నాడైనా నోరారా తెలుగులో ఏడవనియ్యరా వీళ్ళు?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. ఏదో ఒకటి చేసి తీరాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. నేను గట్టిగా అనుకున్నప్పుడల్లా ఇలాంటివే జరుగుతాయి.

మూడు వీధుల అవతల ఒక క్యాథలిక్ చర్చి ఉంది. దాని వెనక ఒక హాలు. ఇద్దరం వెళ్ళి ఫాదర్ కెవిన్‌ని అడిగాం. ఆయన మంచి మనిషి.

"హాలు నాది కాదమ్మా. ఇక్కడి ఇటాలియన్లు రెక్కలు విరుచుకుని కట్టుకున్నారు. వాళ్ళు సరేనంటే నాకూ సరే. తాళం డొమెనికో దగ్గరుంటుంది. రండి, కలుపుతాను."

డొమెనికోకి డెబ్భై ఏళ్ళు ఉంటాయి. పొట్టిగా, దిట్టంగా, తోటలో టమాటా మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. ఒంటి మీద పాత కోటు, కుడిచెయ్యి కోటు జేబులో. ఫాదర్ నన్ను పరిచయం చేయగానే ఆ పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా? గొట్టం కింద పడేసి, ఎడమచెయ్యి చాచాడు. షేక్‌హ్యాండ్‌కి! ఎడమచెయ్యి!

మా నాయనమ్మ పెంపకం నాది. చిన్నప్పుడు ఎడమచేత్తో గ్లాసు అందిస్తే వీపు చిట్లేది. "ఆ చెయ్యి దేనికో తెలియదట్రా సచ్చినోడా" అనేది. కొట్లో చిల్లర ఎడమచేత్తో ఇస్తే పుచ్చుకోకుండా నిలబడేంత పట్టుదల నాది. అందుకని ఆయన చెయ్యి గాల్లో ఉండగానే నేను రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. ఆయన ఒక్క క్షణం చూసి, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆంటీ అప్పటికే ఆయన భార్యతో వంటింట్లో కబుర్లలో పడింది. ఇదేమీ చూడలేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

వెళ్ళేముందు ఫాదర్ ఒక ఉపాయం చెప్పాడు.

"ఈ నెలాఖర్లో శుభవార్త పండుగ. ఆ ఆదివారం వీళ్ళంతా హాల్లో చేరి కాఫీ, కేకులు పెట్టుకుంటారు. మీరూ రండి. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్తున్న పాత ఇటలీ బొమ్మ ఒకటుంది, అదంటే వీళ్ళకు ప్రాణం. మీలో ఎవరైనా దాని గురించి పది నిమిషాలు మాట్లాడితే, వేరే దేశంవాళ్ళనే బెరుకు పోతుంది."

"నేను మాట్లాడతాను ఫాదర్. ఆర్ట్ అంటే నాకు బాగా తెలుసు," అన్నాను.

రోడ్డెక్కాక ఆంటీ ఆగింది. "ఒరే సుందరం, నీకు ఆర్టు ఎప్పుడు తెలిసింది?"

"తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారాంటీ."

"ప్యారిస్ వేరు, ఇటలీ వేరు రా నాయనా. పోనీ నేను బైబిల్లోంచి నాలుగు ముక్కలు చెప్పేస్తాలే."

"అబ్బే, మీరు నాకొదిలేయండి."

"అదే నా భయం," అంది ఆంటీ.

యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి ఆ బొమ్మ గురించి చదివాను. గీసినాయన అయిదున్నర వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఉన్న ఒక సన్యాసి. అసలు పేరు వేరే ఉన్నా, అందరూ ఆయన్ని దేవదూతలాంటి బ్రదర్ అనేవారట. ప్రార్థన చేయనిదే కుంచె పట్టేవాడు కాదట. సిలువ బొమ్మ గీస్తుంటే చెంపల మీద కన్నీళ్ళు కారేవట. ఒకసారి గీసింది దేవుడి చిత్తమనుకుని మళ్ళీ దిద్దేవాడు కాదట. నిజంగా నాకా మనిషి మీద ప్రేమ పుట్టింది. ఆ ప్రేమ అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేది!

పుస్తకంలో బొమ్మ లేదు, కథే ఉంది. బొమ్మ స్లైడు రూపంలో వేరే ఉందని లైబ్రరీ ఆవిడ తెచ్చిచ్చింది. రెండంగుళాల చట్రం, మూలన ఒక ఎర్రచుక్క.

"ప్రొజెక్టర్‌లో పెట్టేటప్పుడు ఈ చుక్క మీద నీ కుడి బొటనవేలు ఉండేలా పట్టుకోవాలి. లేకపోతే..."

"తెలుసు, తెలుసు," అన్నాను.

నా జీవితంలో జరిగిన నష్టాలన్నిటికీ ముందు ఈ రెండు మాటలూ ఉంటాయి. కావాలంటే మా ఆవిడని అడగండి.

ఇంటికొచ్చి స్లైడుని కిటికీకి అడ్డంపెట్టి చూశాను. స్తంభాల వరండా, ఒళ్ళో పుస్తకంతో మరియమ్మ, ఎదురుగా బంగారు రెక్కల దేవదూత. చూస్తూ చూస్తూ ఉలిక్కిపడ్డాను. దేవదూత మరియమ్మ వైపు చాచిన చెయ్యి, ఎడమచెయ్యి!

స్లైడుని వెనకవైపు నుంచి చూస్తున్నానేమోనని మీకు ఇప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది. నాకు రాలేదు. నాకు వచ్చింది సిద్ధాంతం. మూడు రోజులు మట్టి పరీక్షలు మానేసి దాని మీదే కూర్చున్నాను. శుభవార్తని ఎడమచేత్తో ఎందుకు చెప్పాడు? హడావుడిగా వచ్చాడు కాబట్టి! పరలోకం నుంచి పరుగున వచ్చినవాడికి ఏ చెయ్యి ముందుంటే ఆ చెయ్యే. లోకానికి రక్షణ అంత అర్జెంటు అని ఆ సన్యాసి చెప్తున్నాడన్నమాట. ఈ సంగతి అయిదున్నర వందల ఏళ్ళుగా ఎవరికీ తట్టలేదు, తెనాలివాడు పుట్టాల్సి వచ్చింది. పనిలో పనిగా, పెద్దలు ఎడమచెయ్యి చాచకూడదని ఆ డొమెనికోకి నాలుగు మర్యాద ముక్కలు కూడా వినిపించాలని నిర్ణయించుకున్నాను. ఇక్కడ నన్ను ఒక్కసారి తిట్టుకుని ముందుకు సాగండి.

ఆ ఆదివారం రానే వచ్చింది. హాలునిండా ఇటాలియన్ ముసలివాళ్ళు, బల్లనిండా కేకులు. మావాళ్ళు ఏడు కుటుంబాలూ ఇస్త్రీ బట్టల్లో వెనక వరసల్లో బిగదీసుకుని కూర్చున్నారు. పిల్లలకి ముందే వార్నింగ్ ఇచ్చి తెచ్చారు. డొమెనికో ముందు వరసలో, కుడిచెయ్యి జేబులోనే. ఆయన పక్కన ఆంటీ. మాకు హాలు ఇచ్చేదీ లేనిదీ కాఫీ తర్వాత వాళ్ళ కమిటీ అక్కడికక్కడే తేలుస్తుందని ఫాదర్ చెప్పాడు. కర్టెన్లు వేశారు. నేను స్లైడు పెట్టాను. ఎర్రచుక్క మీద ఏ వేలు ఉందో దేవుడికెరుక, నా కుడి బొటనవేలు మాత్రం కాదు.

తెర మీద బంగారం పరుచుకుంది. హాల్లో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. ముగ్ధులైపోయారనుకున్నాను.

సన్యాసి గురించి చెప్పినంతసేపూ బాగానే సాగింది. కన్నీళ్ళ దగ్గర ఒక ముసలావిడ ముక్కు తుడుచుకుంది. అప్పుడు కర్ర తీసుకుని దేవదూత చెయ్యి చూపించాను.

"గమనించారా? ఎడమచెయ్యి."

మళ్ళీ గుసగుసలు. ఆంటీ దగ్గింది.

"మా దేశంలో ఎడమచేత్తో ఏ శుభమూ చెప్పం. ఇవ్వం. పుచ్చుకోం. ఈ దేవదూత మా తెనాలి వచ్చి ఉంటే మా నాయనమ్మ తలుపు వేసేసేది!"

ఆంటీ ఈసారి గట్టిగా దగ్గింది. గొంతు సరిగ్గా వినపడటం లేదేమోనని నేను స్వరం పెంచాను.

"మనిషిని పలకరించడానికి ఎడమచెయ్యి చాచడం మాలో అవమానం కింద లెక్క. పెద్దవాళ్ళయినా సరే, ఇది తెలుసుకోవాలి," అంటూ డొమెనికో వైపు చూసి చిన్నగా నవ్వాను కూడా.

"ఒరే సుందరం," అని తెలుగులో వినపడింది చీకట్లోంచి. "నోరు ముయ్యరా."

"ఒక్క నిమిషం ఆంటీ, ముఖ్యమైన పాయింటు మిగిలింది," అని తెలుగులోనే బదులిచ్చి, దేవదూత నోటి నుంచి వస్తున్న బంగారు అక్షరాల మీద కర్ర పెట్టాను. "చూడండి, ఇవి కుడి నుంచి ఎడమకు సాగుతున్నాయి. ఎందుకంటే ఇది హీబ్రూ. మరియమ్మ మాతృభాష. దూరదేశం నుంచి వచ్చినవాడు ఎదుటివాళ్ళ భాషలో మాట్లాడటం ఎంత మర్యాదో ఆలోచించండి!"

ముక్కు తుడుచుకున్న ముసలావిడ చెయ్యెత్తింది. "బాబూ, అది లాటిన్."

"హీబ్రూ అండీ."

"లాటిన్. నేను రోజూ జపమాలలో చెప్పేదే."

అప్పుడు డొమెనికో లేచాడు. నెమ్మదిగా నడిచి ప్రొజెక్టర్ దగ్గరకు వచ్చాడు, ఎడమచేత్తో స్లైడు పైకి లాగాడు, ఇటుది అటు తిప్పి మళ్ళీ దించాడు.

దేవదూత ఒక్క గెంతులో తెర ఈ చివర నుంచి ఆ చివరకు దూకాడు. మరియమ్మ ఇటు వచ్చింది. చాచిన చెయ్యి కుడిచెయ్యి అయిపోయింది. నా హీబ్రూ శుభ్రమైన లాటిన్‌గా మారి, ఎడమ నుంచి కుడికి బుద్ధిగా నడిచింది. హాలంతా గొల్లుమంది. మూడు రోజుల నా సిద్ధాంతం ఎంత దూరం ఎగిరిపోయిందో నేనే చూడలేకపోయాను.

కానీ మూడు వరసల అక్షరాల్లో మధ్య వరస ఇంకా తలకిందులుగానే ఉంది. పోయిన పరువులో పిసరంతైనా నిలబెట్టుకుందామని "ఆగండి, ఇంకా ఒక లైను తప్పుంది, నేను సరిచేస్తాను" అంటూ ఉరికాను. కంగారులో స్లైడు బదులు దీపం మీది రేకు పట్టుకున్నాను. కుడిచేతి వేళ్ళు నాలుగూ చుర్రుమన్నాయి. నా కేక విని మావాళ్ళ పిల్లలు వార్నింగులన్నీ మర్చిపోయి నవ్వారు.

"దాన్ని ముట్టుకోకు," అన్నాడు డొమెనికో తన ఇటలీ ఇంగ్లీషులో. "ఆ వరస తప్పు కాదు. పై వరసా కింది వరసా దేవదూత మాటలు. మధ్యది మరియమ్మ జవాబు. ఆమె చెప్తున్నది దేవుడికి. ఆయన పైనుంచి చదువుకుంటాడు కదా, అందుకని తిరగేసి రాశాడు. ఆ బొమ్మ మా ఊళ్ళోదే. చిన్నప్పుడు మా అమ్మ ఎత్తుకుని చూపించేది."

ఎవరో లైట్లు వేశారు. ఇంకెవరో ఫ్రీజర్‌లోంచి బఠానీల ప్యాకెట్టు తెచ్చి నా కుడిచేతికి చుట్టేశారు. ఆంటీ నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆవిడ ముఖంలో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఆయన కుడిచెయ్యి చూశావట్రా ఎప్పుడైనా?" అంది మెల్లగా.

"జేబులో ఉంటుంది కదాంటీ. స్టైలేమో అనుకున్నాను."

"ఈ దేశం వచ్చిన రెండో ఏడు ఇటుకల ఫ్యాక్టరీలో మిషను లాగేసింది. వేళ్ళు లేవు. చర్చిలో కూడా జేబులోంచి తియ్యడంట. ఆళ్ళావిడ చెప్పింది. ఈ హాలు గోడల్లో సగం ఆయన ఆ ఒక్క చేత్తో లేపినియ్యే."

గాల్లో ఆగిపోయిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. జోడించిన నా రెండు చేతులూ గుర్తొచ్చాయి. వెనక వరసల్లో మావాళ్ళు ఎవరికివాళ్ళు ప్రసంగం కాగితాలు మడిచి లోపల పెట్టుకుంటున్నారు. మంచి శుక్రవారం అయిపోయిందని అందరికీ అర్థమైంది. ఆంటీ చేతిసంచీ తీసుకుని లేవబోయింది.

నేను ముందు లేచాను. డొమెనికో దగ్గరకు వెళ్ళి అందరూ వినేలాగే చెప్పాను. "అంకుల్, మొన్న మీరు చెయ్యి ఇస్తే నేను పుచ్చుకోలేదు. ఇవాళ మిమ్మల్ని దెప్పడానికే ఆ మాటలన్నాను. మీ చెయ్యి సంగతి నాకు తెలియదు. తెలియకపోయినా అనకూడనిది. తప్పు నాది. వీళ్ళకి ఇందులో ఏమీ సంబంధం లేదు. దయచేసి నా మూలంగా వీళ్ళకి హాలు లేదనకండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని బెదిరిపోయాను. నవ్వుతున్నాడు.

"ముప్ఫై ఆరేళ్ళుగా ఈ చెయ్యి దాచుకుంటున్నాను," అన్నాడు. "దేవుడి దగ్గర కూడా. ఇవాళ నువ్వు తెర మీద పెట్టగానే, తిరగబడి ఉందని నేనే అందరికంటే ముందు చూశాను. లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకో తెలుసా? నా చిన్నప్పటి దేవదూత నాలాగే ఎడమచెయ్యి చాచి నిలబడ్డాడు. ఓ పది నిమిషాలు పరలోకంలో నాకొక తోడు దొరికాడు. పాడుచేసుకోబుద్ధి కాలేదు."

"మరి చివరికి ఎందుకు తిప్పారు?"

"హీబ్రూ అన్నావు చూడు, అది భరించలేకపోయాను."

ఈసారి హాల్లో లేచిన నవ్వు గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఫాదర్ కెవిన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. డొమెనికో కమిటీవాళ్ళ వైపు తిరిగి ఇటాలియన్‌లో ఏదో అన్నాడు. వాళ్ళు తలలూపారు. ఆయన ఎడమచేత్తో నడుముకున్న గుత్తిలోంచి హాలు తాళంచెవి తీసి నా ముందు చాచాడు.

నా కుడిచెయ్యేమో బఠానీల మధ్య బందీ. చూస్తూ నిలబడిపోయాను.

వెనక నుంచి ఆంటీ గొంతు ఖంగుమంది. "ఏ చెయ్యయితే ఏంట్రా, పుచ్చుకో ముందు!"

పుచ్చుకున్నాను. ఆయన ఎడమచెయ్యి, నా ఎడమచెయ్యి, మధ్యలో తాళంచెవి. మా ఇంట్లో ఉన్న నాయనమ్మ ఫొటో ఆ క్షణంలో గోడమీద నుంచి జారిపడిందేమో తెనాలికి రాసి కనుక్కోవాల్సింది.

ఆ మంచి శుక్రవారం మా ఏడు మాటలూ ఆ హాల్లోనే చెప్పుకున్నాం. సుగుణ ఆంటీ నోరారా తెలుగులో ఏడ్చింది. డొమెనికో అంకుల్ వెనక వరసలో మూడు గంటలూ కదలకుండా కూర్చున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు కదా, ఎందుకు కూర్చున్నారని అడిగితే "తలకిందులుగా వినపడినా పైవాడికి సరిగ్గానే చేరుతుందిలే" అన్నాడు. ఆ రోజు ఆయన కుడిచెయ్యి జేబులో లేదు. ఒళ్ళో ఉంది. పదకొండేళ్ళు ఆ హాలు మాది. నా పెళ్ళి విందు అందులోనే, మా అమ్మాయి బాప్తిస్మం కాఫీలూ అందులోనే. అంకుల్ ఇప్పుడు లేరు. ఆయన ఇచ్చిన టమాటాలూ, ఆ తాళంచెవీ, అన్నిటికీ మించి ఆ రోజు నన్ను గేటు బయటకు తోసెయ్యకుండా నవ్విన నవ్వూ నేను తీర్చుకోలేనివి. ఇప్పటికీ ఎవరైనా ఎడమచేత్తో ఏదైనా ఇస్తే కళ్ళకద్దుకుని పుచ్చుకుంటాను. కొట్లో కుర్రాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

కాబట్టి పాఠకులందరి ఎదుటా నేనిందుమూలంగా చేస్తున్న ప్రతిజ్ఞ ఏమిటంటే: కిటికీకి అడ్డంపెట్టి చూసిన దేని మీదా ఇకపై సిద్ధాంతం కట్టను. ఎర్రచుక్క గురించి చెప్పేవాళ్ళని చివరిదాకా చెప్పనిస్తాను. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు మర్యాద నేర్పను. "తెలుసు, తెలుసు" అనే మాట నా నోట రానివ్వను. ఈ ప్రమాణం డొమెనికో అంకుల్ జ్ఞాపకార్థం ఎడమచెయ్యి పైకెత్తి చేస్తున్నాను. మీకు కుడిచెయ్యిలా కనిపిస్తోందంటే తప్పు నాది కాదు. పేజీని వెనక నుంచి చూస్తున్నారు, తిప్పుకోండి.